కంతలో చుంచు

శ్రావణమాసంలో రెండో మంగళవారం పొద్దున్న తొమ్మిదీ పదహారు నిమిషాలకు నాకు మతి తప్పింది. ఈ నిమిషాల లెక్క నాది కాదు, మా కోడలు హేమ ఫోనుది. సరిగ్గా ఆ వేళకి హేమ, గేట్ బజార్లో బట్టల కొట్టులో పనిచేసే మా ఆయనకి ఫోను చేసి, ఇంటికి వచ్చేటప్పుడు ఎలుకల బోను ఒకటి కొనుక్కురమ్మని చెప్పింది. అత్తకి మతి తప్పితే ఎలుకల బోను దేనికని మీరు అడుగుతారు. అదే చెబుతాను.

ఇప్పుడు నయంగా ఉన్నాను కనక రాస్తున్నాను. నా పేరు నూకాలమ్మ. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మా వీధిలో ఒక తెలుగు పంతులమ్మ దయ వల్ల. దీర్ఘం తప్పితే దిద్దుకుని చదువుకోండి. బీపీకని ఉప్పు మానేసే ముసలివాళ్ళూ, వాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఇంట్లోవాళ్ళూ ఇది చదవాలని నా ఆశ. మిగతావాళ్ళు చదివితే పోయేదేమీ లేదు.

నేను బొంతలు కుడతాను. మా పుట్టినూరు గిరిసోల పక్కన. అక్కడ పొరుగింటి ఒడియా ముసలమ్మ నాకు ఈ పని నేర్పింది. ఆవిడకి తెలుగు ముక్క రాదు, నాకప్పుడు ఒడియా రాదు. చేతులు చూసి నేర్చుకున్నాను, మాటలు ఆ తరవాత వచ్చాయి. పెళ్ళై బరంపురం వచ్చాక కూడా మానలేదు. బొంత కుట్టుకోమని ఆడదానికి ఎవరూ తీరిక ఇవ్వరు. కుక్కరు కూతలు పెట్టేలోపు ఒక వరస, కుళాయి దగ్గర బిందె నిండేలోపు అర వరస. కరెంటు పోయి టీవీ ఆగిపోతే మా ఆయనకి చిరాకు, నాకు పండగ. గుమ్మం వెలుగులో కూర్చుని నాలుగు వరసలు లాగేస్తాను. అలా ముక్క ముక్కగా కుట్టిన బొంతలు మా బంధువుల ఇళ్ళన్నిటిలోనూ ఉన్నాయి.

ఈ ఏడు హేమ నీళ్ళోసుకుంది. మా ఒక్కగానొక్క కొడుకు రమేష్‌కి పెళ్ళైన ఆరేళ్ళకి. హేమది గజపతినగరం వైపు. తల్లి లేదు, నిరుడు పోయింది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి గానీ తల్లి లేని పుట్టిల్లు ఏం పుట్టిల్లు? ఇక్కడే అనుకున్నాం. హేమ తన పెట్టెలోంచి తల్లి కట్టి విడిచిన నేత చీరలు రెండు తీసి నా ముందు పెట్టింది.

"అత్తా, పాపకి బొంత కుడతావు గదా, అమ్మ సీరలు ఇందల కలుపుతావేటి?" అంది.

చీరలు నలిగి నలిగి వెన్నలా ఉన్నాయి. పుట్టిన బిడ్డకి అలాంటివే కావాలి. పైన ఒకటి, కింద ఒకటి ఆవిడవి పెట్టి, మధ్యలో నా పాత చీరలు పొరలు వేసి మొదలుపెట్టాను.

అప్పటికే నేను చప్పిడి తింటున్నాను. జ్యేష్ఠంలో నాకు బీపీ ఉందని తేల్చి ఒక డాక్టరు మాత్రలు రాసి, "లుణ టికె కమ్ కరంతు, మావుసీ" అన్నాడు. ఉప్పు కాస్త తగ్గించండి, పిన్నీ, అని. 'టికె' అంటే కాస్త. ఆ కాస్తని నేను లెక్కలోకి తీసుకోలేదు. తగ్గించడం నాకు చేతకాదు. తింటే తింటాను, మానితే మానతాను. మా వైపు సూర్యుడికి మొక్కుకుని ఆదివారం ఉప్పు లేని చప్పిడి తినేవాళ్ళు చాలామంది. ఒక్క ఆదివారానికే అంత పుణ్యమైతే వారమంతా చేస్తే ఇంకెంత అనుకున్నాను. డాక్టరు మాటా అయింది, దేవుడి మాటా అయింది. చద్దన్నంలో నీళ్ళు పోసుకుని ఉప్పురాయి లేకుండా తాగేదాన్ని. ఎండలకి చెంబులు చెంబులు నీళ్ళు తాగేదాన్ని. ఆషాఢం వెళ్ళేసరికి కాళ్ళలో నీరసం, తలలో ఏదో నిండిన బిందె కదులుతున్నట్టు ఒక కుదుపు. గోడ మీది క్యాలెండరు చదవబోతే అక్షరాలు ఊడిన కుట్లలా వేలాడేవి. ముసలితనం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది, మీరు చెప్పండి.

ఆ మంగళవారం నాకు గుర్తున్నది ఇంతే. పొయ్యి మీద అన్నం. వంటింటి గడపలో నేను, ఒళ్ళో బొంత. తరవాత హేమ చీపురు పట్టుకుని మంచం కింద టపటపా కొడుతోంది. ఈ పిల్లకి పిచ్చెక్కింది, కడుపుతో ఉండి ఈ వంగడాలేమిటి అనుకున్నాను. మిగతాదంతా వాళ్ళు చెప్పగా విన్నదే.

నేను గడపలో కూర్చుని చేతులు తడుముకుంటూ కంత, కంత అన్నానట. చుంచి, చుంచి అన్నానట.

"ఏటత్తా? సుంచా? ఏడుంది?" అని హేమ అడిగింది.

"కంత... చుంచి..." అని మళ్ళీ నేను.

"ఏ కంతలోకి ఎల్పోయింది? తూము కంతలోకా?"

నేను తల ఊపానట. ఎందుకు ఊపానో భగవంతుడికే తెలియాలి. హేమకి చుంచెలుకలంటే మహా భయం. స్నానాల గది తూము కంతలో పాత గుడ్డ కుక్కేసి, మా ఆయనకి ఫోను చేసింది.

"మావయ్యా, అత్త సుంచుని సూసి జడుసుకున్నాది. కంతలో సుంచు, కంతలో సుంచు అని ఒకటే గోల. ఒచ్చినప్పుడు బోనొకటి తే."

"బోన్లోకి ఏటెడతావమ్మా? ఎండుసేప ఉన్నాదా ఇంట్ల?" అని ఆయన అడిగాడట. ఆ మనిషికి ఏ పనైనా పూర్తిగా కావాలి.

మధ్యాహ్నం అన్నానికి ఆయన బోను పట్టుకుని వచ్చాడు. మా ఆయన పేరు సింహాచలం. నేను ఇంకా ఆ గడపలోనే ఉన్నాను. అన్నం మాడి, హేమ మళ్ళీ వండింది.

"ఏటే, ఏది నీ సుంచు?" అన్నాడు నవ్వుతూ.

నేను ఆయన మొహంలోకి చూసి, "ఎవులు బాబూ నువ్వు? ఇంట్ల మొగోల్లు నేరు, సాయంత్రం రా" అన్నానట.

ఆయన ఇంకా నవ్వాడు. "సూడే హేమా, ఇన్నాల్ల కాపరంలో మీ అత్త నన్ను బాబూ అని పిలిసింది ఇదే మొదులు" అన్నాడట. తరవాత నా కళ్ళు చూశాడు. అక్కడ ఆయన నవ్వు ఆగిపోయిందని హేమ చెప్పింది.

లేవదీయబోతే నాతోపాటు బొంత కూడా లేచింది. బొంత అంచునీ నా కుచ్చిళ్ళనీ కలిపి కుట్టేసుకున్నాను. చిన్న చిన్న కుట్లు, చక్కగా, వంకర లేకుండా. విప్పే తీరిక లేదు. బొంతతో సహా ఆటో ఎక్కించారు. "పరుపు కూడా తెచ్చీసినారేటండి" అని ఆటో అతను అన్నాడట. ఆసుపత్రిలో నర్సు కత్తెర పెట్టి నా చీర కత్తిరించి బొంతని విడదీసింది.

అక్కడ ఒక కుర్ర డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నాకు లీలగా గుర్తుంది. "ఆజి కి బార, మావుసీ?" ఇవాళ ఏ వారం?

"రొబిబార" అన్నాను. ఆదివారం.

నిన్న? రొబిబార. రేపు? రొబిబార.

ఆ మాట వినగానే మా ఆయన అడ్డం వచ్చాడు. "డాక్టరు బాబూ, ఇది రోజూ ఆదివారమే సేస్తన్నాది. సప్పిడి తింతన్నాది. ఉప్పు ముట్టదు" అని, తెలుగులో అన్నానని గ్రహించి మళ్ళీ ఒడియాలో చెప్పాడు. డాక్టరు రాస్తున్న కలం ఆపి, "పూరా?" అన్నాడు. మొత్తమా?

మొత్తమే. రక్తంలో ఉప్పు పడిపోయి మెదడు తడబడుతోందని, ఇంకా ఆలస్యం చేస్తే ఫిట్స్ వచ్చేవని చెప్పాడు. నాకు తెలిసిన వైద్యం ఇంతే, ఇంతకన్నా అడగకండి.

ఆసుపత్రి రోజుల్లో ఏది నిజమో ఏది కలో ఇప్పటికీ విడదీయలేను. పైన ఫ్యాను తిరుగుతుంటే అది గాలిని కుడుతోందనుకునేదాన్ని. పక్క మంచం ముసలాయన చనిపోయాడని ఏడ్చాను, ఆయన లేచి కూర్చుని నన్ను ఊరుకోమన్నాడు. ఇది నిజంగానే జరిగిందట. కోరాపుట్ వైపు ఉద్యోగం చేసే రమేష్ సెలవు పెట్టి వచ్చాడు. తండ్రీ కొడుకూ వరండాలో దెబ్బలాడుకోవడం మాత్రం కల కాదు.

"ఇంట్ల ఉండి నువ్వు సూస్తన్నదేటి నాన్నా? ఎదర కూసుని తింతన్నావు గదా, కూరలో ఉప్పు నేదని తెలీదేటి?"

"నాకు ఏరే వండుతాదిరా. మీ అమ్మని ఆపడం నా తరమా? నువ్వు ఆపినావేటి ఎప్పుడైనా?"

"ఆపే మనిసి నాను కాదు, నువ్వు."

"సరే, రేపటినించి నువ్వే ఆపుకో. నాను కొట్టుకి పోతాను."

కొట్టుకి పోలేదు. వరండా చివరి దాకా వెళ్ళి, టీ తాగి, వాడికి కూడా ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తాగారు. నేను మంచం మీంచి చూస్తూ, వీళ్ళెవరో తండ్రీ కొడుకుల్లా ఉన్నారు అనుకున్నాను.

భాద్రపదంలో ఇంటికి వచ్చాను. వచ్చాను అన్నానే గాని, తిన్నగా రాలేదు. కూర్చున్నచోట పని మర్చిపోయేదాన్ని. చెంచా కావాలంటే తాళం చెవి అడిగేదాన్ని. క్యాలెండరు ముందు నిలబడి ఒక్కో అక్షరం పోల్చుకునేదాన్ని. కొన్ని వచ్చేవి, కొన్ని పరాయివాళ్ళలా మొహం తిప్పుకునేవి. లేటుగా వచ్చిన చుట్టాలు ముందుగా వెళ్ళిపోతారేమోనని భయం. ఆ భయం కన్నా పెద్దది ఇంకోటి వచ్చిపడింది. హేమ అక్క పార్వతి గజపతినగరం నించి ఫోను చేస్తే, హేమ పప్పు రుబ్బుతూ స్పీకరు పెట్టి మాట్లాడుతోంది. నేను వెనకే ఉన్నాను.

"ఒలే, ఆ మతిపోయిన ముసిల్దాని దగ్గిర పురుడేటే నీకు? బిడ్డనెత్తుకుని ఏ కుళాయి కిందో ఎట్టీసినాదంటే? నువ్వు ఇక్కడికి ఒచ్చీ."

హేమ పప్పు రుబ్బుతూనే ఉంది. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. పార్వతి అన్నదాంట్లో తప్పేమిటో వెతికాను, కనబడలేదు.

ఆ వారంలోనే ఎదురింటి సబిత టీకి వచ్చింది. ఒడియా అమ్మాయి, మా వీధిలో పుట్టి పెరిగింది, తెలుగు మాకన్నా గట్టిగా మాట్లాడుతుంది. హేమ మంచం మీద బొంత పరుచుకుని దాని మీద కూర్చుని, నన్ను నవ్వించాలని ఆ మంగళవారం కథ ఎత్తుకుంది. బోను, తూము, ఎండుచేప అన్నీ చెప్పింది. తూములో గుడ్డ సంగతి మర్చిపోయి రెండ్రోజులు స్నానాల గది చెరువైన సంగతి కూడా చెప్పింది. సబిత నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"హేమా, మావుసీ ఏటన్నాదో మల్లీ సెప్పు. ఎలా అన్నాదో అలాగ."

"కంత, కంత అన్నాది. సుంచి అన్నాది. ఇంకోటేదో, బితరు, బితరు అన్నాది. అది నాకు తెలీలేదు."

"ఆలో హేమా, అది తెలుగు కాదే! కంథా అంటే బొంత. ఛుంచి అంటే సూది. భితరె అంటే లోపల. బొంత లోపల సూది ఉండిపోనాది అంతంది మావుసీ. ఎలికా లేదు, కంతా లేదు!"

హేమ కూర్చున్న చోటునించి పొట్ట పట్టుకుని లేచింది. ముగ్గురం బొంత వైపు చూశాం. హేమ తల్లి చీర, లేత పసుపు మీద గళ్ళు, అమాయకంగా పడి ఉంది.

హేమకి ఒడియా రాదు. నాకు చేతిలో బొంత ఉన్నంతసేపూ లోపల మాట్లాడేది ఆ పొరుగింటి ముసలమ్మ మాటలే. మతి సరిగ్గా ఉన్నప్పుడు పైకి తెలుగులో వస్తాయి, తప్పినప్పుడు ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయి. అంతవరకు అర్థమైంది. అర్థం కానిది ఒకటి. సూది లోపల ఉండిపోయిందని నేను అన్నది నిజం చూసి అన్నానా, జబ్బు నాచేత అనిపించిందా? అదే రోజు మా ఆయన్ని పరాయి బాబు అన్న నోరు ఇది. ఆ మాట అబద్ధమైనప్పుడు ఈ మాట నిజం ఎలా అవుతుంది? అలాగని అబద్ధమని ఎవరు చెప్పగలరు? కుచ్చిళ్ళకి కుట్టిన సూది ఏమైందో ఎవరూ చూడలేదు. ఆటోలో పడిందో, నర్సు తీసి పారేసిందో, ఇంకా పొరల మధ్య ఉందో. గుర్తు తెచ్చుకోవాలని కళ్ళు మూసుకుంటే హేమ చీపురు తప్ప ఏమీ కనబడేది కాదు.

"పారీండి దాన్ని. సీరలకేటి కరువా? కొట్టు నించి కొత్త గుడ్డ తెస్తాను" అన్నాడు మా ఆయన.

"మా అమ్మయి తెస్తావేటి మావయ్యా కొట్టు నించి?" అంది హేమ.

ఆయన మర్నాడు రేడియో రిపేరు కొట్టులో ఒక సూదంటురాయి అడిగి తెచ్చాడు. బొంత మీద నలుమూలలా తిప్పాం. దానికి హేమ జాకెట్టు పిన్నీసు అంటుకుంది, మా ఆయన తాళాల గుత్తి అంటుకుంది, సూది అంటుకోలేదు. పొరలు మందంగా ఉంటే పట్టదేమోనని సబిత అంది. సెలవుకి వచ్చిన రమేష్ ఇంకో తెలివి చేశాడు. ఊళ్ళో ఒక పెద్ద బట్టల దుకాణం గుమ్మంలో ఇనుము ఉంటే కూత పెట్టే తలుపు ఉందని, బొంత సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. తలుపు కూసింది. వీడు బెల్టు తీసి వెళ్ళాడు, కూసింది. సంచి బయట పెట్టి వెళ్ళాడు, అప్పుడూ కూసింది. "అది అందరికీ కూస్తాది బాబూ, రండి, లోపల డిస్కౌంటుంది" అన్నాడట కాపలా అతను.

ఇక మిగిలింది ఒకటే, విప్పడం. నెలల తరబడి ముక్క ముక్కగా కుట్టినదాన్ని ముక్క ముక్కగానే విప్పాలి. లాగితే పాత చీర చిరుగుతుంది. ఒక్కో కుట్టు ఎత్తి, తెంపి, దారం తీసి, ఆ చోటు వేళ్ళతో నలిపి చూడాలి. నా బుర్ర ఒక వరస దాటి నిలిచేది కాదు. మంచిదే అయింది. ఒక వరసకి సరిపడా బుర్ర, ఒక వరసకి సరిపడా వేళ, రెండూ సమానంగా దొరికేవి. అన్నం పొంగేలోపు ఒక వరస. మాత్ర వేసుకుని పడుకునేముందు అర వరస. జబ్బు పడి లేచినవాళ్ళకి చెబుతున్నాను, పని పెద్దదని దూరంగా పెట్టకండి. మీకున్న తెలివి ఎంతసేపు నిలుస్తుందో అంత ముక్కే పట్టుకోండి.

వారానికోసారి రక్తం చూపించుకోవడానికి వెళ్ళేవాళ్ళం. అక్కడ బెంచీల మీద మూడు పూటలు గడిచిపోయేంత జనం. నేను బొంత తీసుకెళ్ళేదాన్ని. ఒకసారి గోపాల్‌పూర్ నించి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ ఇంటి మనిషి, పేరు లచ్చమ్మ. మొగుడికి ఆయాసం, లోపల పడుకోబెట్టారు.

"ఏటప్పా, కుడతన్నావా, ఇప్పుతన్నావా?" అంది.

"ఇప్పుతన్నాను."

"కుట్టినోలెవులు?"

"నానే."

"మల్లీ కుడతావా?"

"కుడతాను."

"సంబడమే. ఆసుపత్రోలు నయం, కుట్టినది కుట్టినట్టు ఒగ్గేస్తారు" అని నవ్వింది. సంగతి చెప్పాను. నవ్వు ఆపేసి, అడక్కుండానే అవతలి కొస ఒళ్ళోకి లాక్కుంది. వలలు బాగుచేసే వేళ్ళు, గరుకుగా ఉన్నాయి, కానీ చీర పోగు ఒక్కటి లేవనివ్వలేదు. "మా ఇంట్ల గేలం ముల్లు గుచ్చుకోని కాలు నేదప్పా. ఐనా పసిగుడ్డు మాట ఏరే" అంది. ఇద్దరం చెరో కొస నించీ విప్పుతూనే ఉన్నాం. వాళ్ళ ఆయన పేరు పిలవగానే, వేలికి చుట్టుకున్న దారం అలాగే ఉండగా లేచి లోపలికి వెళ్ళింది. తరవాతి వారాల్లో కూడా కలిసేది. బెంచీ మీద ముందుగా వచ్చినవాళ్ళు రెండోవాళ్ళకి చోటు పట్టేవాళ్ళం.

ఆశ్వయుజంలో, దసరా వెళ్ళాక, బొంత మొత్తం విప్పడం అయింది. ఏ పొరకా పొర ఎండలో ఆరేసి, ఒక్కోదాన్ని సబిత, హేమ, నేను చెంపకి రాసుకుని చూశాం. సూది లేదు.

లేదంటే ఎప్పుడూ లేదా? విప్పుతుంటే ఎక్కడో జారి పడిందా? ఆసుపత్రి బెంచీ కిందా, మా గడప సందులోనా? దొరికితే నా మాట నిజమని తేలేది, భయం పోయేది. దొరకలేదు కనక ఏదీ తేలలేదు. నాకు ముందుకన్నా అయోమయం ఎక్కువైంది. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటే సూది. పని ఆపినప్పుడల్లా "హేమా, సూది" అని పిలిచి ఆ పిల్ల చేతికి ఇచ్చేదాన్ని. తెలుగులోనే.

ఒకరోజు హేమ సూది అందుకుని నిలబడిపోయింది.

"అత్తా, అక్క రమ్మంతంది. పురుడికి."

"ఎల్లు" అన్నాను. "నీ జాగాల నానైతే ఎల్తాను."

"పొమ్మంతన్నావేటి?"

"పొమ్మన్నేదు. నా బుర్ర మీద నాకే నమ్మకం నేదమ్మా. నీకు ఉండమని ఏ మొహంతో సెప్పను?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, సూదిని డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది. గజపతినగరం మాత్రం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు, నేనూ అడగలేదు.

కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. అప్పటికి నా మాటలు చాలావరకు కుదుటపడ్డాయి. ఉప్పు డాక్టరు చెప్పినంత తింటున్నాను, 'టికె' అంటే ఎంతో చెంచాతో చూపించుకుని మరీ వచ్చాను. పిల్లని మాత్రం నేను ఎత్తుకోలేదు. హేమ ఇవ్వబోతే చేతులు తడిగా ఉన్నాయనేదాన్ని. బొంత పూర్తయింది, మడతపెట్టి అలమారులో పెట్టాను.

ఇరవై ఒకటో రోజున ఊయల వేడుక. పార్వతి మొగుడితో సహా వచ్చింది. వచ్చిన దగ్గరనించీ నా చేతుల వైపే చూస్తోంది. ఊయలలో వేసే వేళకి హేమ అందరి ముందూ, "అత్తా, బొంత తే" అంది.

నేను తెచ్చాను గానీ ఇవ్వలేదు. నేను మొహం మీద చెప్పే మనిషిని, నా గురించి అయితే మాత్రం ఎందుకు దాస్తాను? "అందరూ ఇనండి. ఇందల సూది ఉన్నాదని నానే అన్నాను. ఇప్పి సూసినాను, నేదు. ఉన్నాదో నేదో నాకు తెలీదు. తెలీనిదాని మీద పిల్లని ఎయ్యడం నాకు ఇష్టం నేదు" అన్నాను.

హేమ నా చేతిలోంచి బొంత లాక్కుని నేల మీద పరిచింది. పిల్లని రమేష్‌కి ఇచ్చింది. పచ్చి బాలింతరాలు, వాళ్ళమ్మ చీర మీద వెల్లకిలా పడుకుని, అటు ఒకసారి ఇటు ఒకసారి దొర్లింది. లేచి కూర్చుంది.

"నాకేటీ గుచ్చుకోనేదు" అంది. తరవాత అక్క వైపు తిరిగి, "నువ్వు కూడా పడుకో. అమ్మ సీరే గదా" అంది.

పార్వతి ముందు మొహం ముడుచుకుంది. తరవాత పట్టుచీర దోపుకుని కూర్చుంది, ఒక పక్కకి ఒరిగింది. చెంప ఆ గళ్ళ మీద ఆనించి లేవలేదు. ఎంతసేపటికీ లేవలేదు. "లెగవే, మాకు ఒద్దేటి వంతు?" అని సబిత అంటే అందరూ నవ్వారు, పార్వతి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. అక్కడినించి ఆగలేదు. మా ఆయన చొక్కా విప్పి మరీ పడుకున్నాడు, పని పూర్తిగా కావాలి కదా. చివరికి నన్ను కూడా పడుకోమన్నారు. పడుకున్నాను. పైన ఫ్యాను ఉత్త ఫ్యాను లాగే తిరుగుతోంది. సూది ఉందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. హేమ పిల్లని తెచ్చి, నేను ఇంకా లేవకముందే, నా పక్కన ఆ బొంత మీదే పడుకోబెట్టింది.

ఆ రోజు ఆ బొంత మీద పడుకున్నవాళ్ళు వరసగా వీళ్ళు: మా కోడలు హేమ. వాళ్ళ అక్క పార్వతి. ఎదురింటి సబిత. మా ఆయన సింహాచలం. గోపాల్‌పూర్ నించి బస్సెక్కి వచ్చిన లచ్చమ్మ, మొగుడికి కాస్త నయంగా ఉందట. పార్వతి మొగుడు, సిగ్గుపడుతూ, మోచెయ్యి వరకే. ఊయల వేడుక చేయించిన పంతులుగారు పడుకోలేదు గానీ అరచేత్తో తడిమి చూశారు. మా అబ్బాయి రమేష్. నేను, నూకాలమ్మ. మా మనవరాలు సత్య.